అమ్మల సొమ్ము, పిల్లల గది

పాత బట్టలూ పాత సామాన్లూ అమ్మగా వచ్చిన డబ్బుతో బడికి ఏం కొంటారు? బెంచీలో, ఫ్యాన్లో. సియాటిల్‌లోని లేక్‌సైడ్ స్కూల్ తల్లుల సంఘం మాత్రం 1968లో టెలిటైప్ పెట్టించింది. అది కంప్యూటర్ కాదు. టైపు మిషనుకు టెలిఫోన్ తగిలించినట్టుండేది. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌తో ఫోన్ తీగ మీద మాట్లాడేది. మాట్లాడినంతసేపూ మీటరు తిరిగేది, ఆటో ఎక్కినట్టే. అమ్మలు కూడబెట్టిందంతా చూస్తుండగానే కరిగిపోయింది.

కరిగించినవాళ్లలో ఎనిమిదో తరగతి బిల్ గేట్స్, పదో తరగతి పాల్ అలెన్ ఉన్నారు.

లేక్‌సైడ్ ప్రైవేటు బడి. పిల్లలు పొద్దున వస్తారు, సాయంత్రం ఇంటికి పోతారు. అయిదు నుంచి పన్నెండో తరగతి దాకా కాలేజీకి తయారుచేయడమే దాని పని. మన దగ్గర ఆ మాట వినగానే హాస్టల్ గదీ, తెల్లవారుజాము స్టడీ అవరూ, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచీ కళ్లముందు మెదులుతాయి. ఇక్కడి తీరు వేరు. 1919లో ఫ్రాంక్ మోరన్ మగపిల్లల కోసం తెరిచిన ఈ బడి, 1930లో నగరం ఉత్తరాన ఇప్పుడున్న చోటికి మారింది. ఎర్ర ఇటుక భవనాలు, డబ్బున్న కుటుంబాల పిల్లలు. అంతవరకూ అమెరికాలో ఇలాంటివి బోలెడు.

తేడా అంతా ఆ టెలిటైప్ గదిలో ఉంది. దాన్ని తెప్పించడానికి పట్టుబట్టిన లెక్కల మాస్టారు బిల్ డూగల్ ఒకప్పుడు నౌకాదళ పైలట్. కొద్దిరోజుల్లోనే పిల్లలు పంతుళ్లను దాటిపోయారు. పంతుళ్లు చిన్నబుచ్చుకోలేదు, గదికి తాళమూ వేయలేదు. నా దృష్టిలో ఈ బడి చెప్పిన అసలు పాఠం, పాఠం చెప్పకుండా ఊరుకోవడమే. పిల్లలు మాత్రం ఊరుకోలేదు. నగరంలోని ఒక కంప్యూటర్ కంపెనీకి తప్పులు పట్టిపెట్టి, బదులుగా ఉచితంగా యంత్రం వాడుకున్నారు. ఆపైన దొంగదారిన దాని ఖాతాల్లోకి దూరి దొరికిపోయి, కొన్నాళ్లు గడప తొక్కకుండా నిషేధం కూడా అనుభవించారు.

ఈ స్వేచ్ఛ వెనక సొమ్ముందని మరిచిపోకూడదు. మామూలు సర్కారు బడి తల్లులు ఎంత పాత సామాను అమ్మితే గంటల లెక్కన కంప్యూటర్ వస్తుంది? ఆ సంగతి బడికీ తెలుసేమో, 1965లోనే సర్కారు బడి పిల్లల కోసం వేసవి తరగతులు మొదలుపెట్టింది.

1971లో సెయింట్ నికొలస్ ఆడపిల్లల బడి వచ్చి కలిసింది. రెండు బడుల టైం టేబుల్ చిక్కుముడి పడింది. విప్పే పని గేట్స్‌కూ, అతని ప్రాణస్నేహితుడు కెంట్ ఎవాన్స్‌కూ వచ్చింది. 1972 మేలో కెంట్ కొండ ఎక్కుతూ జారిపడి చనిపోయాడు. మిగిలిన పని గేట్స్, అలెన్‌తో కలిసి ఆ వేసవిలో పూర్తిచేశాడు. తన తరగతిలో ఆడపిల్లలు ఎక్కువుండేలా ప్రోగ్రాం రాసుకున్నాననీ తర్వాత నవ్వుతూ ఒప్పుకున్నాడు.

మూడేళ్లకు గేట్స్, అలెన్ ఇద్దరే మైక్రోసాఫ్ట్ పెట్టారు. 2014లో దాని పగ్గాలు అందుకున్న సత్య నాదెళ్ల చదివింది బేగంపేటలో, 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం మొదలైన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. అదీ ఒకనాటి కలిగినవాళ్ల బడే.

లేక్‌సైడ్‌లో లెక్కలూ సైన్సూ చెప్పే భవనానికి అలెన్, గేట్స్ పేర్లున్నాయి. లోపలి సభామందిరం మాత్రం కెంట్ ఎవాన్స్‌ది.