మొలలే అనుకునే ముందు

చెన్నై బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ రైలెక్కితే పెట్టె గోడల మీద ఒక ప్రకటన తరచూ కంటబడుతుంది. మూలం (మొలలు), పౌత్తిరం (భగందరం) ఏదైనా సరే, ఆపరేషన్ లేకుండా నయం చేస్తాం, ఫలానా నంబరుకు ఫోన్ చేయండి అని తమిళంలో. మన ఊళ్ల బస్టాండు గోడల మీద ఇదే హామీ తెలుగులో ఉంటుంది. మలంలో రక్తం పడేవారిలో చాలామందికి కారణం మొలలే, అబద్ధమేమీ కాదు. కాని అవి మొలలేనని ఎవరు చూశారు, ఎలా తేల్చారు అన్న సంగతి ఆ గోడల మీద ఉండదు. పెద్దపేగు క్యాన్సర్ కూడా అదే రక్తంతో బయటపడవచ్చు. మొలలు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదనడానికీ లేదు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు.

ఈ జబ్బుకూ చెన్నైకీ పాత లెక్క ఉంది. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో పట్టా పుచ్చుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు 1923లో మలాశయ క్యాన్సర్‌తో చనిపోయింది. అక్క డాక్టరై ఉండి కూడా ఆమెను దక్కించుకోలేకపోయింది. అప్పటి వైద్యం అంతవరకే. ఆ దుఃఖం ఆమెను వదల్లేదు. మూడు దశాబ్దాల తర్వాత, 1954 జూన్‌లో, ఆమె చొరవతోనే అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 12 పడకలతో తెరుచుకుంది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, ఆయన తర్వాత డాక్టర్ శాంత దాన్ని పెంచి పెద్దచేశారు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి జబ్బుమనుషులను వెంటబెట్టుకుని రైలెక్కి వచ్చే తెలుగువాళ్లకు ఈ ఊరి ఆస్పత్రులు కొత్త కాదు. రావడంలో జరిగే ఆలస్యంతోనే చిక్కంతా.

పదేళ్ల గడువు

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు పొడవుంటుంది. దాని లోపలి పొర కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. అంత వేగంగా విభజన జరిగే చోట జన్యువుల నకలులో తప్పులు దొర్లడం సహజం. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే ఏపీసీ అనే జన్యువు చెడితే ఆ చోట చిన్న కండ మొలుస్తుంది. దాన్నే పాలిప్ అంటారు. తర్వాత కేరాస్, పీ53 వంటి మరికొన్ని జన్యువులు ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటే పాలిప్ క్యాన్సర్‌గా మారుతుంది. ఈ మెట్ల వరుసను 1990లో అమెరికా శాస్త్రవేత్తలు ఫీరన్, వోగెల్‌స్టైన్ వివరించారు.

పాలిప్‌లన్నీ క్యాన్సర్ కావు. కాని పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధికం పాలిప్ నుంచే వస్తాయి. ఆ మార్పుకు సాధారణంగా పదేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఈ లోపల పాలిప్‌ను కనిపెట్టి తీసేస్తే క్యాన్సర్ పుట్టనే పుట్టదు. ముందుగా పట్టుకోవడమే కాదు, రాకుండా ఆపడమూ సాధ్యమయ్యే క్యాన్సర్లు కొన్నే ఉన్నాయి. వాటిలో ఇదొకటి.

కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా

గడ్డ ఎక్కడుందన్న దాన్ని బట్టి లక్షణం మారుతుంది. పేగు కుడిభాగం వెడల్పు, అక్కడి పదార్థం పలచన. కాబట్టి గడ్డ పెరిగినా చాలాకాలం దారి మూసుకుపోదు. రక్తం కొద్దికొద్దిగా ఊరి మలంలో కలిసిపోతుంది, కంటికి ఆనదు. మనిషికి తెలిసేది నీరసం, మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన ముఖం. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తొమ్మిదో ఎనిమిదో ఉంటుంది. ఐరన్ మాత్రలు రాసిస్తారు, నాలుగు నెలలు గడిచిపోతాయి. మగవారిలో గాని, నెలసరి ఆగిపోయిన ఆడవారిలో గాని ఐరన్ లోపంతో రక్తం తగ్గితే, అది ఎక్కడ పోతోందో వెతకాలి. మాత్రలతో అంకె పెరిగిందని ఊరుకోకూడదు.

ఎడమవైపు పేగు ఇరుకు, మలం గట్టి. అక్కడ గడ్డ వస్తే అలవాటు మారుతుంది. ఎప్పుడూ లేని మలబద్ధకం, మధ్యలో నాలుగు రోజులు విరేచనాలు, మళ్లీ మలబద్ధకం, ఉండుండి కడుపులో మెలిపెట్టే నొప్పి. మలాశయంలో ఉంటే ఎర్రటి రక్తం, జిగట, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్టు అనిపించడం. వీటికి మన ఇళ్లలో పెట్టే పేర్లు తెలిసినవే. వేడి చేసింది, ఆవకాయ పడలేదు, జిగట విరేచనాలు పట్టుకున్నాయి.

వయసు తక్కువని నిశ్చింతగా ఉండడానికి లేదు. అమెరికాలో యాభై లోపు వయసులో ఈ క్యాన్సర్ వచ్చిన అయిదు వేల పైచిలుకు మంది రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. జబ్బు తేలడానికి మూడు నెలల నుంచి రెండేళ్ల ముందే నాలుగు సూచనలు కనిపించాయని అది చెప్పింది. కడుపునొప్పి, మలంలో రక్తం, విరేచనాలు, ఐరన్ లోపపు రక్తహీనత. వీటిలో ఏ ఒక్కటైనా రెండు మూడు వారాలు దాటి కొనసాగితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా అంతే.

వేలు, డబ్బీ, గొట్టం

మొదటి పరీక్షకు యంత్రమేదీ అక్కర్లేదు. రోగిని ఎడమపక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టవైపు ముడిపించి, డాక్టరు గ్లౌజు వేసుకున్న చూపుడువేలికి జెల్లీ రాసి మలద్వారంలో పెట్టి చుట్టూ తడిమి చూస్తారు. నిమిషం కూడా పట్టదు. మలాశయం కిందిభాగంలో గడ్డ ఉంటే గట్టిగా, గరుకుగా వేలికి తగులుతుంది. మామూలు మొలలు మెత్తగా ఉండి వేలికి పెద్దగా అందవు. అంత సులువైన పరీక్ష చాలాసార్లు జరగదు. రోగికి సిగ్గు, డాక్టరుకు తీరిక లేదు, కన్సల్టింగ్ గదిలో తెర ఉండదు.

లక్షణాలు లేనివారికి మలపరీక్ష ఉంది, దాన్ని ఫిట్ అంటారు. చిన్న డబ్బీలో నమూనా ఇస్తే చాలు. మనిషి రక్తంలోని గ్లోబిన్‌ను మాత్రమే గుర్తిస్తుంది కాబట్టి ముందురోజు మటన్ తిన్నా ఫలితం తారుమారు కాదు. రక్తం ఉందని వస్తే తర్వాతి మెట్టు కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూడడం. రక్తం కళ్లకే కనపడుతున్నవారు మాత్రం ఫిట్‌తో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

కొలనోస్కోపీ అంటే భయపడేవారికి అసలు కష్టం ముందురోజే. పప్పులు, ఆకుకూరలు, గింజలున్న పండ్లు మానేసి, పేగు శుభ్రపడే మందు కలిపిన నీళ్లు రెండు మూడు లీటర్లు తాగాలి. నీళ్లలాగా వెళ్లేవరకూ బాత్‌రూము చుట్టూ తిరగాలి. పరీక్ష మాత్రం మత్తు ఇచ్చి చేస్తారు, అరగంటలో ముగుస్తుంది. పాలిప్ కనిపిస్తే సన్నని తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే తీసేస్తారు. అనుమానమున్న చోట ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉన్నా అది చాలా అరుదు.

పిలిచేవారు లేరు

జపాన్‌లో 1992 నుంచి నలభై దాటినవారికి ఏటా మలపరీక్ష చేసే కార్యక్రమం ఉంది. అమెరికాలో పరీక్షలు మొదలుపెట్టే వయసును 2021లో 50 నుంచి 45కు తగ్గించారు. మన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే స్క్రీనింగ్ ఉంది. పెద్దపేగు అందులో లేదు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఈ జబ్బు తక్కువ కనుక జనాభాకంతా పరీక్షలు చేయడం ఖర్చుకు తగదన్న వాదనలో అర్థముంది. అయితే దాని పర్యవసానమూ తెలియాలి. మనల్ని పరీక్షకు రమ్మని ఎవరూ పిలవరు. లక్షణమే పిలుపు.

తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చినవారు లక్షణం కోసం కూడా ఆగకూడదు. వారికి ఏ వయసులో బయటపడిందో దానికి పదేళ్లు ముందు, లేదా నలభయ్యో ఏట, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. పేగుల్లో ఏళ్ల తరబడి పుండ్లున్నవారికీ వేరే లెక్క ఉంటుంది.

అమెరికా లెక్కల్లో, జబ్బు పేగు దాటకముందే దొరికినవారిలో నూటికి తొంభైమంది అయిదేళ్లు బతుకుతున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక దొరికితే సుమారు పదిహేనుమందే. మందుల షాపులో మొలల మాత్రలు కొనుక్కుంటూ గడిపే నెలల్లో జబ్బు మొదటి దశ దాటిపోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఎన్నాళ్లుగా ఉంది, రక్తం ఎర్రగా పడుతోందా నల్లగానా, మలంలో కలిసి వస్తోందా విడిగానా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా అన్నవి సిగ్గుపడకుండా చెప్పాలి. చూడకుండానే మొలలని మందు రాస్తుంటే, ‘ఒకసారి పరీక్ష చేసి చూస్తారా అండీ’ అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.