ఎడమది ఒకటి, కుడిది ఒకటి

నాన్న పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. తెనాలి చుట్టుపక్కల కాలవగట్ల మీద ముప్పై ఏళ్లు ఒకే బులెట్ తోలారు. ఆయన పోయాక బండి నాకొచ్చింది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారాలు ఆ బండిమీద అమ్మని గుడికి తీసుకెళ్తాను. గతుకు వస్తే చాలు, వెనక కూర్చున్న అమ్మ నడుం పట్టుకునేది. "నాన్న తోలినప్పుడు ఇట్లా ఎగిరేది కాదే" అంది ఒకరోజు. ఆ మాటతోనే షాకబ్జర్ల సంగతి చూడాలనుకున్నాను.

షాకబ్జర్‌లో ఉండేవి రెండు వేర్వేరు పనులు. బరువు మోసేది స్ప్రింగు. దాని ఊపు ఆపేది లోపలి నూనె. సన్నటి రంధ్రాల్లోంచి నూనె తోసుకుంటూ పోవాల్సి వచ్చి, ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. నూనె కారిపోతే మిగిలేది ఒట్టి స్ప్రింగే. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. సీటు వెనక భాగాన్ని గట్టిగా అదిమి వదిలేయండి. బండి ఒక్కసారి లేచి నిలబడాలి. మా బులెట్ మూడుసార్లు ఊగింది. ఎడమవైపు కడ్డీ చుట్టూ దుమ్ముతో కలిసిన నల్లటి జిడ్డు కూడా ఉంది.

1948లో ఇంగ్లండ్‌లో కోల్‌మోర్ కప్ పోటీకి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు వెనక షాకబ్జర్లు, చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే స్వింగార్మ్ ఉన్న బులెట్‌ని దించారు. అప్పట్లో చాలా బళ్లకి వెనక చక్రం నేరుగా ఫ్రేముకే ఉండేది, అదుర్లన్నీ సీటు కింది స్ప్రింగులు మోయాల్సిందే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక అలాంటి బులెట్లు ఇక్కడే తయారయ్యాయి. కాలవగట్ల మీద నాన్న నడుముని అన్నేళ్లు కాపాడింది ఆ అమరికే.

షాకబ్జర్లు విప్పే ముందురోజు రాత్రే నట్ల మీద కిరసనాయిలు పోసి ఉంచాను. పొద్దున బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి ఎడమది తీశాను. రెండూ ఒకేసారి తీయకూడదు. ఒకటి ఉంటే చక్రం వేలాడకుండా, బోల్టు రంధ్రాలు చెదరకుండా ఉంటాయి. అయితే ఎడమది చేతికి రాగానే చక్రం కిందికి జారి నేలకి తగిలింది. స్టాండ్ మీదున్న బండి చక్రం నేలకి తగలడమేమిటి?

చక్రం ఎలాగూ నేలకి ఆనింది కాబట్టి కుడిది కూడా విప్పి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పై రంధ్రం మధ్య నుంచి కింది రంధ్రం మధ్యకి టేపు పట్టాను. కుడిది అర అంగుళం పొడవు. పైన రేకు డబ్బాలు చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి. స్వింగార్మ్ రెండు వైపులనీ ఒకే ఎత్తులో పట్టి ఉంచుతుంది కాబట్టి, పొట్టిది పొడుగుదాన్ని పూర్తిగా సాగనివ్వలేదు. బండికి ఉన్నంతకాలం ఆ తేడా ఎవరికీ కనపడలేదు. ఎప్పుడో ఏ రిపేరులోనో ఒక్కటే మార్చి ఉంటారు.

మా వీధి చివర మెకానిక్ బాబాయి స్ప్రింగు అదిమే పనిముట్టు పెట్టి రెండూ విప్పారు. అది లేకుండా ఎవరూ ప్రయత్నించకండి, అదిమి ఉన్న స్ప్రింగు జారితే వేళ్లు పోతాయి. ఎడమవైపు కడ్డీని లాగితే సైకిలు పంపులా వచ్చేసింది. మంచిదైతే, ముఖ్యంగా లాగేటప్పుడు, బరువుగా నెమ్మదిగా రావాలి. తర్వాత కాలేజీ ల్యాబ్ నుంచి వెర్నియర్ తెచ్చి స్ప్రింగుల తీగ మందం కొలిచాను. ఎడమది 7 మిల్లీమీటర్లు, కుడిది 7.5. చుట్లూ సమానమే, చుట్టు వెడల్పూ సమానమే. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లెక్క కడితే కుడిది దాదాపు మూడో వంతు ఎక్కువ గట్టిది. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన ఆ సూత్రం నాన్న బండి కింద దొరికినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మరి ఏది అసలుది? బండికి ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మకూడదని అప్పుడే తెలిసింది. బాబాయి ఇంకొకరి బులెట్ చూపించారు. మాదానిలాంటిదే, ఎవరూ చెయ్యి పెట్టనిది. దాని కొలత మా ఎడమదానితో సరిపోయింది. "టీచరమ్మా, కొత్తవి బిగించి చూసేదాకా పాతవి పారేయకండి" అన్నారు. షాపులో డబ్బా మీది పేరు చూసి కొనకుండా పొడవు, చివర్లలోని రబ్బరు బుష్ లోపలి రంధ్రం, బుష్ వెడల్పు రాసుకెళ్లాను. పొడుగువి వేస్తే తోక లేచి హ్యాండిల్ తేలికైపోతుంది, స్టాండ్ మీద చక్రం లేవదు. పొట్టివైతే చక్రం మడ్‌గార్డ్‌కి రాసుకుంటుంది, బండిని స్టాండ్ ఎక్కించడం కష్టం.

కొత్త జత తెచ్చాక నిలబెట్టి ఒక్కోదాన్ని పది పన్నెండుసార్లు అదిమి వదిలాను. నూనెవి పడుకోబెట్టి ఉంచితే లోపల గాలి చేరుతుంది. రబ్బరు బుష్‌లకి గ్రీజు పూయలేదు, అది రబ్బరుని తినేస్తుంది. సబ్బునీళ్లు చాలు. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పకముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను. నట్లు ముందు వదులుగా పట్టించి, బండిని నేల మీదకి దించి బరువు పడ్డాకే బిగించాను. లేకపోతే బుష్ మెలిపడి ఉండిపోతుంది. గొలుసు వదులు మళ్లీ చూశాను.

కొత్తవాటి అడుగున స్ప్రింగుని బిగించే మూడు గాట్ల రింగు ఉంది. నేనొక్కదాన్నే వెళ్లేటప్పుడు మొదటి గాటు. ఆదివారం అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ బయటికి వచ్చేలోపు రెండు వైపులా ఒక్కో గాటు ఎక్కిస్తాను.