నెమలి నీలము, కాళహస్తి నలుపు



నేను బడిపంతులుగా నున్న కాలమున నొక బాలుడు, “అయ్యవారూ, నెమలి యీకను నూరిన నీలిరంగు వచ్చునా?” యని యడిగెను. ఆలోచింపకయే వచ్చునంటిని. వాడు మఱునాడు మెత్తగా నూరి తెచ్చిన పొడి కపిలవర్ణముగా నుండెను. వాని ముఖము చూడ నాకు సిగ్గయ్యెను.

ఆ యీకలో నీలిరంగు పదార్థమే లేదు. వెండ్రుకలో నూఱవవంతుకన్న సన్నని యెడముతో నల్లని కడ్డీలు వరుసదీరి యుండి, తెల్లని వెలుగులోని నీలకిరణములనే బలముగా మరలించును. నూరినచో వరుస చెడును, నీలము పోవును. చెడని యీకనైనను వెలుగున నేటవాలుగా త్రిప్పి చూడుడు, వన్నె మాఱును.

మన శ్రీకాళహస్తి కలంకారీ నలుపు త్రోవ వేఱు. బట్టను కరక్కాయ పొడియు పాలును గలిపిన నీట ముంచి యారవేయుదురు. పాలలోని కొవ్వు రంగును ప్రాకనీయదు. ఇనుపముక్కలను బెల్లపునీట దినములకొలది పులియబెట్టి, ఆ నీటితో కలము పట్టి గీయుదురు. గీచినచోటనే నల్లబడును! కరక్కాయ వగరు ఇనుముతో గలిసి, వెలుగును దాదాపుగా నంతయు మ్రింగెడి క్రొత్త పదార్థమగుటయే కారణము. అరటికాయ తరిగిన యినుపకత్తి నల్లబడుట మన యిండ్లలో నెఱుగనివా రెవరు?

ఎఱుపునకు పటిక కావలయును. పటికనీట గీచినచోట మంజిష్ఠ వేరు రంగు నూలును గట్టిగా పట్టును. పటిక తగులనిచోట నంటినది స్వర్ణముఖి నీట నుతుకగా చాలవఱకు వదలిపోవును.