సీసా మీద అంకె వేరు, నాలుక మీద ఘాటు వేరు

సంక్రాంతికి అమెరికా అల్లుళ్లు అమలాపురంలో దిగితే పెట్టెల్లో చాక్లెట్లతోపాటు విస్కీ సీసా కూడా దిగుతుంది. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు మరి. ఈమధ్య వాటిలో రై విస్కీ కనిపిస్తోంది. రై అంటే గోధుమ జాతికి దగ్గరి ధాన్యం, చలిదేశాల పంట. మన లంక భూముల్లో దాని ఊసే లేదు. సీసా మూత తియ్యకముందే దాని మీద తీర్పులు మొదలవుతాయి. వాటిలో కొన్నిటి సంగతి ఇది.

అపోహ: “మనది డెబ్బై అయిదండి, ఇది వందండి. తట్టుకోలేం, ఆయ్!”

ఈ రెండు అంకెలూ ఒకే కొలతవి కావు. మన దేశంలో వాడేది పాత బ్రిటిష్ ప్రూఫ్ లెక్క. అందులో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం ఆల్కహాల్. ఆ లెక్కన మన 75 ప్రూఫ్ సీసాలో ఉండేది 42.8 శాతం. కొన్ని లేబుళ్ల మీద ‘25 యూపీ’ అని ఉంటుంది. అది 25 శాతం ఆల్కహాల్ అని కాదు, ప్రూఫ్ వందకి పాతిక తక్కువ అని. అమెరికావాళ్ల లెక్క ఇంకా తేలిక: ఆల్కహాల్ శాతానికి రెట్టింపు రాస్తారు. వాళ్ల 100 ప్రూఫ్ అంటే 50 శాతం. అంటే రెండిటికీ తేడా ఏడు శాతం చిల్లర, అంతే. వాళ్ల 80 ప్రూఫ్ సీసా అయితే 40 శాతమే, మన 75 కంటే పలచన! ప్రూఫ్‌ని వదిలేసి, పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే శాతం చూడండి.

అపోహ: నోరు మండితే స్ట్రాంగ్ సరుకే.

అమెరికా చట్టం ప్రకారం రై విస్కీకి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ ఉంచాలి. మిరియం, లవంగం గుర్తొచ్చే ఆ కారపు వాసన చాలావరకు ధాన్యం నుంచీ పీపా నుంచీ వచ్చిందే. అది 40 శాతం సీసాలోనూ ఉంటుంది. గొంతు దిగేటప్పుడు పట్టుకునే మంట, ముక్కుపుటాలు అదరగొట్టే పొగరు మాత్రం ఆల్కహాల్‌వి. ఈ రెండిటినీ ఒకటిగా చూడబట్టే పలచని రైని ‘భలే స్ట్రాంగ్’ అనేవాళ్లున్నారు. పైగా మే నెల రాజోలు ఉక్కపోతలో ఆల్కహాల్ ఆవిరి ముందే ముక్కుకెక్కి కూర్చుంటుంది, ఇంకేం వాసన తెలుస్తుంది?

కల్లు విషయంలోనూ మనవాళ్లది ఇదే పొరపాటు. పులుపెక్కిన సాయంత్రపు కల్లు తాగి ‘ఇదీ కిక్కంటే’ అంటారు. పులుపు ఆమ్లాల పని, మత్తు ఆల్కహాల్ పని. మరీ నిలవైతే ఆ ఆల్కహాలే వెనిగర్‌గా మారిపోతుంది. అప్పుడు పులుపు పెరుగుతుంది, మత్తు తగ్గుతుంది.

అపోహ: మంచి విస్కీలో నీళ్లు కలిపితే చెడగొట్టినట్టే.

సీసాలో పోసేముందు కంపెనీయే నీళ్లు కలుపుతుంది. పీపా నుంచి దించినట్టే అమ్మే సీసాలు తక్కువ. 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో ఓ సంగతి చూపించారు. విస్కీకి పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ 45 శాతం దాకా ఉన్నప్పుడు గ్లాసులో పైభాగాన చేరుతుంది. 59 శాతం దాటితే లోపలికి జారుకుంటుంది. నాలుగు చుక్కల నీళ్లకి వాసన విచ్చుకుంటుందని తాగేవాళ్లు చెప్పే మాట ఉత్తదేం కాదు.

రెండు బలాల రుచి పోల్చాలంటే వైల్డ్ టర్కీ రై మంచి ఉదాహరణ. ఒకే పేరుతో 101 ప్రూఫ్, 81 ప్రూఫ్ రెండూ వచ్చాయి. అంటే 50.5 శాతం, 40.5 శాతం. 101ని 60 మిల్లీలీటర్లు పోసి మూడు టీస్పూన్ల నీళ్లు కలిపితే రెండో దాని బలానికి దిగుతుంది. అప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా రుచిలో ఉందో, ఘాటులోనే ఉందో తేలుతుంది. అప్పటికీ తేడా కనిపిస్తే దానికి కారణం పీపా, వయసు కావచ్చు. నీళ్లు కలపకుండా దీని కంటే అది గొప్పదని వాదించుకోవడం నా దృష్టిలో కాలక్షేపం.

అపోహ: బీరువాలో దాస్తే ముదురుతుంది.

ముదిరేది పీపాలో. సీసాలోకి వచ్చాక వయసు ఆగిపోయినట్టే. సగం ఖాళీ చేసి దాచినదైతే గాలి తగిలి వాసన చప్పబడుతుంది కూడా. అబ్బాయి పెళ్లి దాకా దాచడం ముచ్చటకే గాని రుచికి కాదు. ముదురు రంగు చూసి బలం అంచనా వేయడమూ తప్పే, రంగు పీపాది. మన విస్కీల్లో చాలావాటికి కారమెల్ కూడా కలుపుతారు.

అపోహ: నీళ్లు ఎక్కువ కలిపితే మత్తు తగ్గుతుంది.

నీళ్లు పోస్తే ఘాటు తగ్గుతుంది, ఆల్కహాల్ తగ్గదు. 50 శాతం రై 60 మిల్లీలీటర్లు పోస్తే అందులో 30 మిల్లీలీటర్లు అచ్చం ఆల్కహాలే. చెంబెడు నీళ్లు పోసినా ఆ ముప్పై ముప్పయ్యే. మన 42.8 శాతం సరుకులో అది పాతిక చిల్లర. పలచన చేశాం కదా అని ఇంకో పెగ్గు పోసుకునేవాళ్లు ఎక్కువ తాగేది ఇక్కడే. చేపల పులుసుతో కడుపు నింపుకున్నా ఎక్కడం ఆలస్యమవుతుందంతే.

మోటారు వాహన చట్టం చూసేది సీసా మీద ప్రూఫ్ కాదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటిందా లేదా అని. కొత్తపేట వైపు కాలవగట్టు రోడ్డెక్కాల్సిన రాత్రి ఏ దేశపు సీసా అయినా ముట్టుకోకండి, ముట్టుకుంటే బండి తాళం ఇంట్లోవాళ్ల చేతికిచ్చి అక్కడే పడుకోండి.