ముందుగా లేచే ఒక్కరు

హిజ్రీ 6వ సంవత్సరం (క్రీ.శ. 628). దైవప్రవక్త ముహమ్మద్ (స) సుమారు 1400 మంది సహచరులతో ఉమ్రాకు బయలుదేరారు. మక్కా సమీపాన హుదైబియా వద్ద ఖురైషులు అడ్డగించారు. ఆ ఏడు వెనుదిరిగి మరుసటి ఏడు రావాలని ఒప్పందం కుదిరింది. సహచరుల గుండెలు బరువెక్కాయి.

ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోమని ప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా ఎవరూ లేవలేదు. ఆయన బాధతో గుడారంలోకి వెళ్ళి, సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు సంగతి చెప్పారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు తమ ఖుర్బానీ ఇచ్చి, క్షురకుణ్ణి పిలిపించుకోమని ఆమె సలహా ఇచ్చారు. ప్రవక్త (స) అలాగే చేశారు. అది చూడగానే సహచరులంతా లేచారు. ఖుర్బానీలిచ్చి, ఒకరి తల మరొకరు గొరుగుతూ తొక్కిసలాడుకున్నంత పని చేశారు. మాట చేయలేని పనిని ఆచరణ చేసింది.

మరోసారి ముజర్ తెగకు చెందిన నిరుపేదలు కాళ్ళకు చెప్పుల్లేకుండా మదీనా వచ్చారు. వారి దుస్థితి చూసి ప్రవక్త (స) ముఖం వివర్ణమైంది. దానం చేయమని ప్రజలను కోరారు. ఒక అన్సారీ మోయలేనంత బరువైన సంచి తెచ్చాడు. ఆ వెనుకే జనం కదిలారు. ఆహారం, బట్టలు రెండు కుప్పలయ్యాయి. మంచి సంప్రదాయాన్ని నెలకొల్పిన వ్యక్తికి, దాన్ని అనుసరించినవారి పుణ్యంలోనూ భాగముంటుందని, చెడు సంప్రదాయం విషయంలో పాపమూ అంతేనని ప్రవక్త (స) అప్పుడు హెచ్చరించారు.

ఈ హెచ్చరిక మన పెళ్ళిళ్ళకూ వర్తిస్తుంది. “ఫలానావారు అంత ఇచ్చారు, మనం తగ్గితే నలుగురిలో తలవంపులు కాదా?” అంటూ అప్పు చేసి కట్నాలిచ్చే తల్లిదండ్రులు ఎందరో! కలవారింటి ఆర్భాటం పేదింటికి కొలబద్ద అవుతోంది. దానికి బాధ్యులెవరు?

అదే కలవారు కట్నం తీసుకోకుండా, మస్జిద్‌లో నికాహ్ జరిపి, వధువుకు మహర్ వెంటనే చెల్లించి, నిరాడంబరంగా వలీమా చేస్తే? ఆ మొహల్లాలో పేదింటి తండ్రికి “వాళ్ళే అలా చేశారు” అని చెప్పుకునే ధైర్యం వస్తుంది. ఒక మస్జిద్ కమిటీ అలాంటి నికాహ్‌లకు పూనుకుంటే, పక్క వీధి కమిటీ కూడా ఆలోచనలో పడుతుంది.

కట్నం దురాచారమని ప్రసంగాలు చాలా విన్నాం. ఇక కావలసింది ముందుగా లేచే ఒక్కరు. ఆ ఒక్కరు మన ఇంటివారే ఎందుకు కాకూడదు? హజ్రత్ ఉమ్మె సలమా (రజి)లా ఆ సలహా ఇచ్చే ఇల్లాలు మన ఇంట్లోనే ఉండవచ్చు. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.