ప్రకటనకు పూచీ ఎవరిది?

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. అది మళ్లీ తెరుచుకుంటుందా, నిజామాబాద్ యార్డులో పసుపు క్వింటాలు ఎంత పలికింది వంటి కబుర్లకు యూట్యూబ్ తెరిచేవాళ్లకు మధ్యలో ప్రకటనలు తప్పవు. వాటిని ఆపే యాడ్ బ్లాకర్లపై యూట్యూబ్ 2023 నుంచి గట్టిగా పోరాడుతోంది. బ్లాకర్ తీసేయండి, లేదా ప్రకటనల్లేని ప్రీమియం కొనండి అని హెచ్చరించింది. వినకపోతే కొన్ని వీడియోల తర్వాత ప్లేయర్‌నే ఆపేసింది. ప్రకటన వీడియోతో కలవకుండా విడిగా వస్తుంది కాబట్టే బ్లాకర్ దాన్ని గుర్తుపట్టగలదు. అందుకని ప్రకటనను వీడియోలోనే కలిపేసి సర్వర్ నుంచి పంపే పద్ధతిని 2024లో పరీక్షించారు. యూట్యూబ్ యజమాని గూగుల్‌కే చెందిన క్రోమ్ బ్రౌజరులో నిబంధనలు మారి, పేరున్న బ్లాకర్ యూబ్లాక్ ఆరిజిన్‌కు చోటు లేకుండా పోయింది.

యూట్యూబ్ వాదనలో న్యాయం లేకపోలేదు. పెద్ద వీడియోల ప్రకటన రాబడిలో 55 శాతం వాటిని చేసినవాళ్లకే వెళ్తుంది. పొరుగున జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానెల్ గంగవ్వను తెలుగువాళ్లందరికీ పరిచయం చేసింది. అలాంటి పల్లె చానెళ్లకు ఈ వాటా ఒక ఆసరా. వాళ్ల కష్టానికి ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. కానీ ప్రకటన చూసి తీరాలనే కంపెనీ ఆ ప్రకటనకు పూచీ కూడా పడాలి. సెర్చ్ ఫలితాల్లోని ప్రకటనల మాటున జరిగే మోసాల నుంచి తప్పించుకోవడానికి యాడ్ బ్లాకర్ వాడమని 2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐయే సలహా ఇచ్చింది. అంటే బ్లాకర్ విసుగు తప్పించే సాధనమే కాదు, రక్షణ కూడా. 2024లో 510 కోట్ల చెడ్డ ప్రకటనలను అడ్డుకున్నామని గూగుల్ చెబుతోంది. ఆ శ్రమ నిజమే, అయితే ఎంత ముప్పు ఎప్పుడూ గుమ్మంలో ఉందో కూడా ఆ అంకె చెబుతోంది. జల్లెడ దాటిన ఒక్క నకిలీ పెట్టుబడి ప్రకటన చాలు, ఓ ఇంటి పంట డబ్బు పోవడానికి. ఫోన్ యాప్‌లో చూసేవాళ్లకు బ్రౌజరు బ్లాకర్ ఎటూ పనిచేయదు. ఎక్కువ చిక్కు వాళ్లదే.

ఇష్టం లేకపోతే నెలకు 149 రూపాయలు కట్టి ప్రీమియం తీసుకోవచ్చు కదా అంటారు. కట్టగలవాళ్లు కట్టవచ్చు, మోసం నుంచి కాపాడటం మాత్రం డబ్బు కట్టినవాళ్లకే దక్కే సౌకర్యం కాకూడదు. బ్లాకర్ వాడటం దొంగతనమనే మాట కూడా నిలవదు. యాడ్ బ్లాకర్‌ను అందించడం అన్యాయమైన పోటీ కాదని జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2018లోనే తీర్పిచ్చింది. ప్రకటనను విడదీయలేకుండా కలపాలనుకునే కంపెనీ, దానికి డబ్బు కట్టిందెవరో తెలుగులో తెరమీదే చూపాలి. మోసమని తేలితే, దానివల్ల తనకు వచ్చిన రాబడిని నష్టపోయినవాళ్లకు తిరిగి ఇవ్వాలి.