గృహమునందే తపస్సు

సోదరీమణులారా! భక్తిమార్గము నవలంబింపవలెనన్న నిల్లు విడువవలయునా? వంట, పిల్లలు, అతిథులు, జబ్బులు, వీని నడుమ దైవచింతన కవకాశమెక్కడిదని మనలో ననేకులు వగచుచుందురు. మేమును బలుమారు వగచినవారమే. మా పొరుగున నున్న కథోలిక సోదరి యొకతె, తన మతమున పునీతురాలిగా నెన్నబడిన యొక గృహిణి చరిత్రమును మాకు వినిపించినది. అది మా సందేహమును గొంత తీర్చినందున నిట వ్రాయుచున్నాము.

ఆమె పేరు జేలీ. ఫ్రాన్సు దేశమున 1831వ సంవత్సరమున జన్మించెను. యౌవనమున కన్యస్త్రీయై రోగులను సేవింపగోరి మఠమున కేగెను గాని, అచ్చటివారు చేర్చుకొనరైరి. పిమ్మట అలెన్సన్ పట్టణమున లేసుపని నేర్చి స్వయముగా వ్యాపారము నెలకొల్పెను. 1858 జూలై 13వ తేదీన, గడియారముల పని చేయు లూయీ మార్టిన్ అను నాతనిని వివాహమాడెను. ఆతడును సన్న్యాసి కాగోరి, లాటిను భాష రానందున తిరిగి వచ్చినవాడే. మఠద్వారమునుండి మరలిన యా యిరువురును సంసారమునే మఠముగా జేసికొనిరి.

అలెన్సన్ లేసు మన నరసాపుర ప్రాంతపు స్త్రీలు కొక్కెముతో అల్లునట్టిది కాదు, సూదితో కుట్టునది. చదరపు సెంటీమీటరునకు ఏడుగంటల పని పట్టును. పనికత్తెలు తమతమ యిండ్లలో తునుకలు కుట్టి తెచ్చెదరు. వానిని అతుకు కనబడకుండ గూర్చుట జేలీ పని. ఆమె దినచర్యయు నట్టిదే. వేకువ నయిదున్నరకు భర్తతో గూడ దేవాలయమున పూజకు బోయివచ్చి, పగలెల్ల పిల్లలు, లెక్కలు, లేసు. భర్త యాదివారమున అంగడి తెరువడు. ఆ దినమున బేరము హెచ్చని హితులు చెప్పినను వినలేదు. తొమ్మండుగురు బిడ్డలలో నలుగురు బాల్యముననే పోయిరి. 1871లో యుద్ధకాలమున శత్రుసైనికులు తొమ్మండుగురు ఆ యింట దిగగా, వారికిని తిండి సమకూర్పవలసివచ్చెను. ఆమె లేఖలు రెండువందలకు పైగా నేటికిని నిలిచియున్నవి. వానిలో అద్భుతదర్శనములు లేవు. బిడ్డల దగ్గులు, బరువైన పనులు, అలసట, వానితోపాటు దేవునియందు నమ్మకము గలవు.

అయినను మా మనస్సున నాటినది వేరొక సంగతి. ఆమె మూడవ కుమార్తె లెయొనీ మొండిపిల్ల. తల్లిమాట వినదు; పరిచారిక మాట మాత్రము వినును. దాసికి బిడ్డయందు పట్టు గలదని తల్లి తలచినది. 1877లో పెద్దకూతురు కనిపెట్టి చెప్పువరకు, ఆ బిడ్డ భయముచే లొంగియున్నదని తల్లి యెరుగదు. నిత్యము పూజకు బోవు తల్లి, తన యింటిలోని బాధను గానలేకపోయెను! అప్పటికే రొమ్మున పుట్టిన వ్రణము ఆమె ప్రాణములను హరించుచుండెను. అయినను కుమిలి కూర్చుండక, ఆ బిడ్డను తన చెంతనే యుంచుకొని, ప్రేమచే మనసు మరలించెను. స్వస్థత గోరి లూర్దు క్షేత్రమునకు బోయినను ఫలము లేక, ఆ యేడే ఆగస్టు 28న గతించెను. లెయొనీ పిమ్మట కన్యస్త్రీయై 1941వరకు జీవించినది.

ఇది విన్నప్పుడు మాకొక సిగ్గుచేటైన దినము జ్ఞప్తికి వచ్చినది. మేము భారతము అరణ్యపర్వమున, భిక్షకై వచ్చిన కౌశికుని నిలిపియుంచి పతిసేవ ముగించిన యిల్లాలి కథ చదువుచుంటిమి. పనిమనిషి కూతురు గడపకడ నిలిచెను. అధ్యాయము ముగియనిమ్మని చేయి చూపితిమి. గ్రంథము మూసి చూచునప్పటికి పిల్ల లేదు. తల్లికి జ్వరము హెచ్చినదని చెప్పవచ్చి మరలిపోయినదట. సాయంకాలము మేమే గంజి పట్టుకొని పోయితిమి. తల్లి యేమియు ననలేదు. ఆ యిల్లాలు ఏల యంతగా కొనియాడబడెనో యపుడు దెలిసెను. గృహధర్మము చేయుచు ఆమె యొక తాపసుని నిలిపెను. మేము గ్రంథము చదువుచు ఆపదలో నున్న పసిబిడ్డను నిలిపితిమి.

జేలీ కడగొట్టు బిడ్డయే, చిన్న తెరేజమ్మయని లోకమున గొనియాడబడు పునీతురాలు. 2015 అక్టోబరు 18న పోపు ఫ్రాన్సిస్‌గారు తలిదండ్రుల నిరువురను గూడ పునీతులుగా ప్రకటించిరి. దంపతులను జంటగా నిట్లు ప్రకటించుట అదియే మొదలు.

సోదరీమణులారా! మనము ఏ దేవుని గొలిచినను సరియే. జపము ముగించి లేచునపుడు, మన యింట మాటాడక యున్నవారెవరో యొక్కసారి చూతముగాక. వారు మౌనముగా నున్నది సుఖముచేతనా, భయముచేతనా యని అడిగి తెలిసికొందముగాక.